లండన్ ఆర్బిట్రేషన్ నోటీసు అందిన విశాఖ ఎగుమతిదారుకు నా సమాధానం

మీరు రాసిన సంగతిని ముందుగా క్లుప్తంగా చెప్పుకుంటాను, ఎందుకంటే దీనిలోని ప్రతి అంకె మీదా సమాధానం ఆధారపడి ఉంది. మీరు విశాఖపట్నం నుంచి 27,500 టన్నుల మొక్కజొన్నను విడి సరుకుగా వియత్నాంకు పంపడానికి ఒక విదేశీ ఓడను మాట్లాడుకున్నారు. రోజుకు 5,500 టన్నుల చొప్పున, అంటే అయిదు వెదర్ వర్కింగ్ రోజుల్లో (వాన వంటివి పనిని ఆపిన వేళలు కలపకుండా) లోడింగ్ ముగించాలి. ఆలస్యమైతే రోజుకు 14,000 డాలర్ల డెమరేజ్, అంటే ఓడను ఎక్కువసేపు నిలిపినందుకు యజమానికి కట్టే పరిహారం. ఓడ 11 రోజుల 3 గంటలు తీసుకుందని లెక్కగట్టి, ఓడ యజమాని 6 రోజుల 3 గంటలకు 85,750 డాలర్లు అడుగుతున్నాడు. చార్టర్ పార్టీ, అంటే ఓడ కిరాయి ఒప్పందపత్రం మీద మీరు సంతకం చేయలేదు. ఉన్నదల్లా బ్రోకరు ఈమెయిల్‌లో పంపిన ఫిక్చర్ రీక్యాప్ (కుదిరిన షరతుల సారాంశం), దానికి మీరు ఇచ్చిన 'కన్ఫర్మ్డ్' అనే ఒక్క మాట. రీక్యాప్‌లో 'మిగతా షరతులు జెన్‌కాన్ 94 ప్రకారం, ఆర్బిట్రేషన్ లండన్‌లో, ఇంగ్లిష్ చట్టం' అని ఉంది; జెన్‌కాన్ 94 అంటే ఓడల కిరాయికి వాడే ఒక ప్రామాణిక ఒప్పంద ఫారం. అయిదు రోజుల కిందట యజమాని లాయర్లు తమ ఆర్బిట్రేటర్‌ను, అంటే కోర్టుకు బదులు వివాదాన్ని విని తీర్పు చెప్పే వ్యక్తిని, నియమించామనీ, 14 రోజుల్లోగా మీ ఆర్బిట్రేటర్‌ను నియమించాలనీ నోటీసు పంపారు. ఓడ విశాఖకే వచ్చింది, పని విశాఖలోనే జరిగింది, మేమూ విశాఖవాళ్లమే కాబట్టి ఇక్కడి కోర్టులో కేసు వేయవచ్చా, లేదా ఆ నోటీసును అసలు పట్టించుకోకపోతే ఏమవుతుంది అన్నవి మీ రెండు ప్రశ్నలు.

రెండో ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే మీ చేతిలో తొమ్మిది రోజులే ఉన్నాయి. జెన్‌కాన్ 94 పందొమ్మిదో క్లాజు ప్రకారం ఒక పక్షం తన ఆర్బిట్రేటర్‌ను నియమించి తెలియజేసిన 14 రోజుల్లోగా రెండో పక్షం తన ఆర్బిట్రేటర్‌ను నియమించకపోతే, మొదటి పక్షం నియమించిన ఆ ఒక్కరి తీర్పే తుది తీర్పు అవుతుంది. అంటే మీరు మౌనంగా ఉంటే ఆర్బిట్రేషన్ ఆగిపోదు. మీరు లేకుండా, యజమాని ఎంచుకున్న మనిషి ముందు, యజమాని సమర్పించిన కాగితాలతో మాత్రమే నడుస్తుంది. లండన్ మారిటైమ్ ఆర్బిట్రేటర్లు సాధారణంగా నిష్పక్షపాతంగానే వ్యవహరిస్తారని నా అనుభవంలో చెప్పగలను, కానీ వారి ముందుకు రాని కాగితాన్ని వారు చదవలేరు.

'సంతకం లేదు కదా' అన్న వాదన మీద దయచేసి ఆశ పెట్టుకోకండి. మన 1996 నాటి ఆర్బిట్రేషన్ చట్టంలోని ఏడో సెక్షన్ ఉత్తరప్రత్యుత్తరాల ద్వారా, ఎలక్ట్రానిక్ సందేశాల ద్వారా కుదిరిన ఒప్పందాన్ని కూడా లిఖిత ఒప్పందంగానే గుర్తిస్తుంది. ఇంగ్లిష్ చట్టం ఈ విషయంలో ఇంకా ఉదారంగా ఉంటుంది. ఆస్ట్రేలియా నుంచి బాక్సైట్ ఓడల సరఫరాకు సంబంధించిన ట్రైమెక్స్, వేదాంత అల్యూమినియం కేసులో 2010లో మన సుప్రీంకోర్టు, ఈమెయిళ్లలో ముఖ్యమైన షరతులన్నీ కుదిరిపోయాక అధికారిక ఒప్పందపత్రం తయారు కాకపోయినా, సంతకాలు పడకపోయినా ఒప్పందం పూర్తయినట్టేనని స్పష్టంగా చెప్పింది. ఓడల వ్యాపారమంతా రీక్యాప్ మీదే నడుస్తుంది. సరుకు ఎక్కించి, ఫ్రైట్ (ఓడ కిరాయి) కట్టి, ఆ తర్వాత ఒప్పందమే లేదంటే ఏ ట్రిబ్యునలూ వినదు. మరో సంగతి కూడా గుర్తుంచుకోండి: రీక్యాప్‌లో లండన్ అని రాయకపోయినా, జెన్‌కాన్ 94 ఫారంలో 25వ పెట్టెను ఖాళీగా వదిలేస్తే ఆ ఫారమే లండన్ ఆర్బిట్రేషన్‌ను, ఇంగ్లిష్ చట్టాన్ని వర్తింపజేస్తుంది. మన ఊళ్లో ఎంతమంది ఎగుమతిదారులు ఆ పెట్టెను చూడకుండానే ఓడలు మాట్లాడుకుంటున్నారో తలచుకుంటే నాకు బాధ కలుగుతుంది.

ఇక విశాఖ కోర్టు సంగతి. ఆర్బిట్రేషన్ అనగానే మనవాళ్లలో చాలామందికి ఊళ్లో పెద్దమనుషుల పంచాయితీ గుర్తుకొస్తుంది. నచ్చితే ఒప్పుకోవచ్చు, నచ్చకపోతే లేచి వచ్చి కోర్టుకు వెళ్లవచ్చు అనుకుంటారు. పత్రికల్లో రాజీ ప్రయత్నానికీ, ఆర్బిట్రేషన్‌కూ కూడా మధ్యవర్తిత్వమనే ఒకే మాట వాడటం వల్ల ఈ అపోహ మరింత బలపడింది. అందుకే నేను ఈ సమాధానంలో ఆర్బిట్రేషన్ అనే మాటనే వాడుతున్నాను. ఆర్బిట్రేటర్ ఇచ్చే అవార్డుకు, అంటే తీర్పుకు, కోర్టు డిక్రీతో సమానమైన బలం ఉంటుంది. మీరు విశాఖలోని కమర్షియల్ కోర్టులో దావా వేస్తే, యజమాని వచ్చి మన చట్టంలోని 45వ సెక్షన్ కింద ఒక్క దరఖాస్తు పెడతాడు. ఒప్పందం చెల్లనిదని పైకి కనిపిస్తే తప్ప కోర్టు మిమ్మల్ని లండన్‌కే పంపించాలి. ఆలోగా అతను లండన్ హైకోర్టుకు వెళ్లి, మీరు విశాఖలో దావా కొనసాగించకుండా ఉత్తర్వు తెచ్చుకునే అవకాశమూ ఉంది. ఆ ఖర్చులు కూడా చివరికి మీ నెత్తినే పడతాయి. ఓడ ఎక్కడికి వచ్చింది, పని ఎక్కడ జరిగింది అన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. ఆర్బిట్రేషన్‌కు ఆసనంగా, అంటే సీట్‌గా, ఏ ఊరిని రాసుకున్నారో ఆ ఊరి కోర్టులకే దాని మీద పర్యవేక్షణ ఉంటుంది.

అవార్డు లండన్‌లో వచ్చినా దాన్ని ఇక్కడ అమలు చేయలేరన్న ధీమా కూడా సరికాదు. 1958 నాటి న్యూయార్క్ ఒప్పందంలో మన దేశం 1960 నుంచీ భాగస్వామి, బ్రిటన్‌ను కేంద్ర ప్రభుత్వం గెజెట్‌లో గుర్తించింది. అవార్డు చేతికొచ్చాక యజమాని అమరావతిలోని ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో దరఖాస్తు పెట్టుకుంటే, మన ఆర్బిట్రేషన్ చట్టం 48వ సెక్షన్‌లో ఉన్న కొద్దిపాటి అభ్యంతరాలు తప్ప మీకు వేరే రక్షణ ఉండదు. లెక్క తప్పని, సాక్ష్యం సరిగా చూడలేదని అప్పుడు వాదించడానికి వీలుండదు. నోటీసు అందలేదని చెప్పగలిగితే ఒక అభ్యంతరం నిలుస్తుంది, కానీ మీరు నాకు రాసిన మాటల్లోనే నోటీసు అందిందని ఉంది. పైగా డాలర్లలో వచ్చిన అవార్డును రూపాయల్లోకి మార్చేటప్పుడు, అభ్యంతరాలన్నీ తేలి అవార్డు అమలుకు అర్హమైన రోజు మారకపు విలువనే తీసుకోవాలని సుప్రీంకోర్టు 2024లో చెప్పింది. రూపాయి నడిచే తీరు మీకు తెలియనిది కాదు, కాబట్టి సాగదీయడం వల్ల మీ బాకీ తగ్గదు, పెరుగుతుంది.

అందువల్ల ఈ తొమ్మిది రోజుల్లో చేయవలసింది ఒకటే. యజమాని లాయర్లకు ఒక జవాబు రాయండి. మీ మీద వేసిన క్లెయిమ్ మొత్తం లక్ష డాలర్ల లోపే ఉంది కాబట్టి, ముగ్గురు ఆర్బిట్రేటర్లతో కాకుండా, లండన్ మారిటైమ్ ఆర్బిట్రేటర్స్ అసోసియేషన్ వారి స్మాల్ క్లెయిమ్స్ పద్ధతి కింద ఒకే ఆర్బిట్రేటర్ ముందు నడుపుకుందామని ప్రతిపాదించండి. ఈ సంఘం 1960 నుంచీ ఉంది, ప్రపంచంలో ఓడల వివాదాలు అన్నిటికంటే ఎక్కువగా వెళ్లేది వీరి సభ్యుల దగ్గరికే. స్మాల్ క్లెయిమ్స్ పద్ధతిలో ఆర్బిట్రేటర్ రుసుము ముందే నిర్ణయమై ఉంటుంది, మామూలుగా మౌఖిక విచారణ ఉండదు, కాగితాల మీదే తీర్పు వస్తుంది, కోర్టుకు అప్పీలు ఉండదు. లండన్ వెళ్లవలసిన పని లేదు. అయితే మీ రీక్యాప్‌లో ఈ పద్ధతికి మొత్తం ఎంత వరకు అని రాసుకోలేదు కాబట్టి రెండో పక్షం ఒప్పుకోవాలి. చిన్న మొత్తాల విషయంలో యజమానులు, వారి బీమా క్లబ్బులు కూడా దీనికి తరచుగా ఒప్పుకుంటారు, ఎందుకంటే ఖర్చు వారికీ భారమే. వారి జవాబు కోసం ఎదురుచూస్తూ గడువు దాటనివ్వకండి. వారు ఒప్పుకోకపోయినా ఇబ్బంది లేకుండా, అదే సమయంలో ఆ సంఘపు సభ్యుల్లో ఒకరికి ఈమెయిల్ రాసి, ఆయన అంగీకారం తీసుకుని, 14వ రోజు ముగియకముందే మీ ఆర్బిట్రేటర్‌గా నియమించినట్టు లిఖితంగా తెలియజేయండి. లండన్ మనకంటే వెనక గంటల్లో ఉంటుంది కదా అని చివరి రోజు సాయంత్రం దాకా ఆగవద్దు.

ఇప్పుడు అసలు లెక్కలోకి వద్దాం. మీరు జతచేసిన స్టేట్‌మెంట్ ఆఫ్ ఫ్యాక్ట్స్ (రేవులో ఏ గంట ఏం జరిగిందో రాసిన పత్రం) నేను రెండుసార్లు చదివాను. మీ పరిస్థితి మీరు అనుకుంటున్నంత అధ్వాన్నంగా లేదు. ఓడ బయటి లంగరు దగ్గరికి వచ్చి ఉదయం 10 గంటల 20 నిమిషాలకు నోటీస్ ఆఫ్ రెడీనెస్, అంటే లోడింగ్‌కు సిద్ధమన్న నోటీసు, ఇచ్చింది. మధ్యాహ్నం 12 లోపు ఇచ్చారు కాబట్టి జెన్‌కాన్ ప్రకారం అదే రోజు ఒంటిగంట నుంచి లేటైమ్, అంటే లోడింగ్‌కు ఒప్పందంలో ఇచ్చిన సమయం, మొదలవుతుంది. యజమాని కూడా అక్కడి నుంచే లెక్క కట్టాడు, అందులో తప్పు లేదు. బెర్తు (ఓడను కట్టి సరుకు ఎక్కించే చోటు) ఖాళీ లేనప్పుడు లంగరులోనే నోటీసు ఇవ్వవచ్చని అదే ఫారం చెబుతోంది. కానీ అదే క్లాజులో ఇంకో రెండు సంగతులున్నాయి. లంగరు నుంచి బెర్తుకు కదిలిన సమయం లేటైమ్‌లోకి రాదు; మీ కాగితంలో అది మూడున్నర గంటలు, మొదటి అయిదు రోజుల్లోనే. రెండోది, మీకు అన్నిటికంటే విలువైనది: బెర్తుకు వచ్చాక సర్వేయర్ హోల్డులు (ఓడలో సరుకు పోసే గదులు) చూసి, రెండో హోల్డునూ నాలుగో హోల్డునూ తిరస్కరించాడు. ముందు సరుకు బొగ్గు. ఫ్రేముల వెనక, నిచ్చెన మెట్ల కింద పొడి మిగిలిపోయి, తెల్ల గుడ్డతో తుడిస్తే నల్లగా అంటుకుందని ఆయన నివేదికలో రాశాడు. తినే ధాన్యం పోయవలసిన హోల్డులో అలాంటిది ఉండకూడదు. సిబ్బంది కడిగి, ఆరబెట్టి, మళ్లీ పాస్ చేయించుకునేసరికి 17 గంటలు పట్టింది. ఓడ అన్ని విధాలా సిద్ధంగా లేదని తేలిన క్షణం నుంచి సిద్ధమయ్యేవరకు పోయిన సమయం లెక్కలోకి రాదని క్లాజు స్పష్టంగా చెబుతోంది. యజమాని ఆ 17 గంటలనూ కలిపేశాడు. హోల్డులు సిద్ధంగా లేవు కాబట్టి అసలు నోటీసే చెల్లదని మీ మిత్రులు ఎవరో చెప్పినట్టు రాశారు; ఈ ఫారం కింద ఆ వాదన ఎక్కువ దూరం నిలవదు, దాన్ని పట్టుకుని ఈ బలమైన 17 గంటల వాదనను పలుచన చేసుకోకండి.

వాన సంగతి చూస్తే, మొత్తం 31 గంటలు వాన పడి హాచ్‌లు (హోల్డుల పై మూతలు) మూసినట్టు ఉంది. అందులో 11 గంటలు లేటైమ్ నడుస్తుండగా పడింది, 20 గంటలు ఆ తర్వాత. మీ పాట్లు అర్థమవుతున్నాయి గానీ, ఇంగ్లిష్ చట్టంలో ఓడ ఒకసారి డెమరేజ్‌లోకి వెళ్లాక, స్పష్టంగా వేరే మాట రాసుకుంటే తప్ప వాన గంటలను మినహాయించరు. కాబట్టి 11 గంటలు అడగండి, 20 గంటల కోసం ఊరికే పట్టుబట్టవద్దు. నాలుగు క్రేన్లలో మూడో నంబరు క్రేన్ 26 గంటలు చెడిపోయి ఉంది. జెన్‌కాన్ 94 అయిదో క్లాజు ప్రకారం క్రేన్ చెడిపోయిన సమయాన్ని, అప్పుడు పనికి కావలసిన క్రేన్ల సంఖ్యకు తగిన పాలులో, లేటైమ్‌లోనే కాదు డెమరేజ్‌లో కూడా లెక్కించరాదు. నాలుగు క్రేన్లూ పనిలో ఉండవలసిన వేళ కాబట్టి 26లో నాలుగోవంతు, ఆరున్నర గంటలు. అన్నీ కలిపితే 17, 11, ఆరున్నర, మూడున్నర, మొత్తం 38 గంటలు. గంటకు 583 డాలర్ల చొప్పున సుమారు 22,167 డాలర్లు తగ్గి, క్లెయిమ్ 63,583 డాలర్లకు వస్తుంది.

ఇక్కడ ఆగవద్దు. లేటైమ్‌లోంచి ఇన్ని గంటలు తీసేసినప్పుడు లేటైమ్ ముగిసే ఘడియ అంతమేర ఆలస్యంగా వస్తుంది, అలా జరిగిన గంటల్లో పడిన వాన యజమాని లెక్కలో డెమరేజ్ వానగా కనిపించినా, నిజానికి లేటైమ్ వానే అవుతుంది, అది కూడా మినహాయింపుకు వస్తుంది. ఆ ఇరవై గంటల్లో కొన్ని అలా మీకు తిరిగి దక్కుతాయి. గంట గంటకూ కొత్త టైమ్ షీట్ (లేటైమ్ లెక్క కాగితం) వేయించండి. అయితే వాన పడుతుండగానే క్రేన్ కూడా చెడిపోయి ఉంటే ఒకే గంటను రెండుసార్లు తీయవద్దు. ఆర్బిట్రేటర్లు మొదట పట్టుకునేది అలాంటి తప్పునే, ఒకటి దొరికితే మిగతా లెక్క మీద కూడా నమ్మకం పోతుంది.

మీ సర్వేయర్ నివేదిక, దాని మీద చీఫ్ ఆఫీసర్ సంతకం మీ దగ్గర ఉన్నాయని చదివి నేను నిజంగా సంతోషించాను. దానికి కారణం చెప్పాలి. 1999లో నేను ఇక్కడ ఒక షిప్ ఏజెన్సీలో బోర్డింగ్ క్లర్కుగా పనిచేసేవాణ్ని. ఇన్నర్ హార్బర్‌లో సోయా చెక్క ఎక్కించిన ఒక ఓడ రాత్రి రెండున్నరకు బయలుదేరబోతోంది, పైలట్ అప్పటికే బ్రిడ్జి మీద ఉన్నాడు. చీఫ్ ఆఫీసర్ గ్యాంగ్‌వే దీపం కింద అయిదు ప్రతుల స్టేట్‌మెంట్ ఆఫ్ ఫ్యాక్ట్స్ చేతిలో పెట్టాడు. ఓడ జనరేటర్ ఆగిపోయి క్రేన్లకు కరెంటు లేక తొమ్మిది గంటలు పని నిలిచింది. ఆ కాగితంలో మాత్రం ఆ తొమ్మిది గంటలకు ఎదురుగా 'సరుకు కోసం నిరీక్షణ' అని ఉంది. నేను చూశాను. చూసి కూడా, పైలట్‌ను ఆపడానికి జంకి, కార్బన్ కాగితాలు సర్ది అయిదు చోట్లా సంతకం పెట్టాను. రెండేళ్ల తర్వాత ఆర్బిట్రేషన్‌లో మా చార్టరర్ (ఓడను కిరాయికి తీసుకున్నవారు) తరఫున కూలీల మేస్త్రీ వాంగ్మూలం, పక్క బెర్తు వారి ఉత్తరం సమర్పించినా, ఆర్బిట్రేటర్ ఆ తొమ్మిది గంటలను యజమానికే ఇచ్చారు. ఆయనది తప్పు అనలేను; ఆయన ముందున్న కాగితం మీద సంతకం నాది. అప్పటి నుంచి నేను శిక్షణ ఇచ్చిన ప్రతి కుర్రవాడికీ ఒక్కటే చెబుతూ వచ్చాను: ఒప్పుకోని పంక్తి పక్కన ఏది నిజమో రెండు ముక్కలు రాసి, ఆ తర్వాతే 'నిరసనతో' అని సంతకం చేయాలి, చీఫ్ ఆఫీసర్ రాయనివ్వకపోతే తెల్లవారేలోపు ప్రొటెస్ట్ లెటర్ ఈమెయిల్‌లో వెళ్లాలి. మీ కాగితంలో క్రేన్ చెడిపోయిన 26 గంటలకు ఎదురుగా అలాంటి మాట ఉంది. అది రాసినవారికి కృతజ్ఞత చెప్పండి.

మరో రక్షణ మీ రీక్యాప్ చివరి పంక్తుల్లో ఉంది, మీరు దాన్ని గమనించినట్టు లేదు. డెమరేజ్ క్లెయిమ్‌ను ఆధార పత్రాలన్నిటితో, లోడింగ్ ముగిసిన 60 రోజుల్లోగా సమర్పించకపోతే క్లెయిమ్ చెల్లదని అందులో ఉంది. ఇంగ్లిష్ చట్టం ఇలాంటి గడువులను అక్షరాలా అమలు చేస్తుంది. ఇన్‌వాయిస్ సమయానికే వచ్చినా, అడిగిన పత్రాల్లో ముఖ్యమైనది జతచేయకపోతే క్లెయిమ్ పూర్తిగా పోయిన సందర్భాలున్నాయి. కాబట్టి ఇన్‌వాయిస్ ఏ తేదీన వచ్చింది, దానితో నోటీస్ ఆఫ్ రెడీనెస్, రెండు పక్షాలూ సంతకం చేసిన స్టేట్‌మెంట్ ఆఫ్ ఫ్యాక్ట్స్, టైమ్ షీట్ వచ్చాయా అన్నది ఈమెయిల్ అటాచ్‌మెంట్లు తెరిచి ఒక్కొక్కటిగా సరిచూడండి. భారతీయ చట్టం వర్తించే ఒప్పందమై ఉంటే ఈ క్లాజు బలం వేరుగా ఉండేది, ఎందుకంటే మన కాంట్రాక్టు చట్టంలోని 28వ సెక్షన్ ఒక నిర్ణీత గడువు దాటగానే హక్కును తుడిచేసే షరతులను చెల్లనివ్వదు. లండన్, ఇంగ్లిష్ చట్టం అన్న మాటలు ఈ ఒక్క విషయంలో మీకు అనుకూలంగా ఉన్నాయి.

గడువు రక్షణ నిలవకపోతే, 63,583 డాలర్ల లోపు బాకీ నిజంగానే ఉందని మీ మనసుకు తోస్తే, దాని కోసం పోరాడటం ఎందుకు? ఇంగ్లిష్ పద్ధతిలో ఓడిన పక్షం సాధారణంగా గెలిచిన పక్షం ఖర్చులు భరించాలి. అందుకే ముందుగానే, ఖర్చుల విషయంలో తప్ప తీర్పు వెలువడేదాకా ఆర్బిట్రేటర్‌కు చూపకూడదన్న షరతుతో, ఒక మొత్తం ప్రతిపాదిస్తూ ఉత్తరం రాయండి. తీర్పు ఆ మొత్తం కంటే తక్కువగా వస్తే, ఆ తేదీ తర్వాతి ఖర్చులు యజమాని మీద పడే అవకాశం బలంగా ఉంటుంది. నేను చూసిన డెమరేజ్ తగాదాల్లో ఎక్కువ భాగం ఇలాంటి ఉత్తరం తర్వాత అవార్డు దాకా వెళ్లకుండానే ముగిశాయి.

యజమాని మీకు బాకీ పడిన సందర్భం వేరు. అప్పుడు మన ఊరి చరిత్రే మనకు అండ. 1984లో ఎం.వి. ఎలిజబెత్ అనే విదేశీ ఓడ విశాఖ రేవులోకి రాగానే ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఉత్తర్వుతో దాన్ని నిలిపివేశారు; దాని మీద 1992లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మన దేశంలో ఓడల మీద హైకోర్టుల అధికారానికి పునాది అయింది. ఇప్పుడు 2017 నాటి అడ్మిరాల్టీ చట్టం 2018 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఓడ నిలిస్తే దాని పి అండ్ ఐ క్లబ్ (ఓడ యజమానుల బీమా సంఘం) హామీ పత్రమో, బ్యాంకు గ్యారంటీయో వస్తుంది, ఆ తర్వాత ఆర్బిట్రేషన్ గెలిచినవాడికి వసూలు గురించి బెంగ ఉండదు. ఆర్బిట్రేషన్ అవార్డుకు కేవలం హామీ కోసమే ఓడను నిలపమని అడగడంలో న్యాయపరమైన చిక్కులున్నాయి, కాబట్టి ఆ దావాను అడ్మిరాల్టీ అనుభవమున్న లాయరు చేతే రాయించాలి.

తర్వాతి ఓడ మాట్లాడుకునేటప్పుడు బ్రోకరుకు ముందే ఒక మాట చెప్పండి. విదేశీ యజమానితో అయితే అంతర్జాతీయ ఓడల వ్యాపార సంఘం బిమ్‌కో వారి 2020 ఆర్బిట్రేషన్ క్లాజులో లండన్ గానీ సింగపూర్ గానీ పెట్టి, స్మాల్ క్లెయిమ్స్ పరిమితిని అంకెలతో సహా రాయించండి. ప్రయాణ ఖర్చు, కాలమానం దృష్ట్యా నా మొగ్గు సింగపూర్ వైపు. విశాఖ నుంచి తూత్తుకుడికో పారాదీప్‌కో వెళ్లే కోస్టల్ సరుకుకు, రెండు పక్షాలూ మనవాళ్లే అయినప్పుడు, లండన్ అవసరం ఎంతమాత్రం లేదు. 'ఆర్బిట్రేషన్ సీట్ విశాఖపట్నం, ఒకే ఆర్బిట్రేటర్, 29బి సెక్షన్ కింద కాగితాల మీదే విచారణ' అని రాసుకుంటే ఆరు నెలల్లో అవార్డు ఇవ్వాలని మన ఆర్బిట్రేషన్ చట్టమే చెబుతోంది.

చివరిగా మీ స్టీవ్‌డోర్ (ఓడలో సరుకు ఎక్కించే కాంట్రాక్టరు) విషయం, దీన్ని మీరు ఒక్క వాక్యంలో దాటేశారు గానీ నాకు ఇది లండన్ నోటీసుతో సమానమైన తొందర పనిగా కనిపిస్తోంది. రోజుకు 5,500 టన్నులు ఎక్కిస్తానని వర్క్ ఆర్డర్‌లో ఆయన హామీ ఇచ్చాడు, నిజానికి కూలీల గ్యాంగులు తక్కువై మూడు రోజులు సగం కూడా ఎక్కించలేదు. వానకూ, హోల్డుల తిరస్కరణకూ ఆయన బాధ్యుడు కాడు, కానీ ఆ మూడు రోజుల్లో పోయిన సమయానికి బాధ్యుడే. లండన్‌లో మీరు చెల్లించే మొత్తాన్ని ఆయన నుంచి రాబట్టుకోవాలంటే, లండన్ అవార్డు ఆయనను కట్టివేయదని గుర్తుంచుకోండి, ఎందుకంటే ఆయన అందులో పక్షం కాడు. మీ వర్క్ ఆర్డర్‌లో 'వివాదాలు విశాఖపట్నంలో ఆర్బిట్రేషన్ ద్వారా' అని మాత్రమే ఉంది, ఎంతమందో రాయలేదు. అలాంటప్పుడు చట్టం ప్రకారం ఒకే ఆర్బిట్రేటర్. ఆయన కంపెనీ మేనేజింగ్ డైరెక్టరే ఆర్బిట్రేటర్‌ను నియమిస్తాడని వెనక పేజీలో ఉన్న పంక్తి చెల్లదు; ఫలితంతో ప్రయోజనం ఉన్న వ్యక్తి ఒంటరిగా నియమించకూడదని సుప్రీంకోర్టు 2019లోనే తేల్చింది. 21వ సెక్షన్ కింద నోటీసు ఆయనకు అందిన రోజు ఆర్బిట్రేషన్ మొదలైనట్టు. 30 రోజుల్లో పేరు మీద ఒప్పందం కుదరకపోతే 11వ సెక్షన్ కింద హైకోర్టుకు వెళ్లవచ్చు. నాలుగో షెడ్యూల్ నమూనా ప్రకారం 50 లక్షల రూపాయల క్లెయిమ్‌కు ఒకే ఆర్బిట్రేటర్ రుసుము 2,34,375 రూపాయలు అవుతుంది, దాన్ని మామూలుగా ఇద్దరూ సగం సగం జమ చేస్తారు. మూడేళ్ల గడువు ఉంది కదా అని లండన్ తేలేదాకా ఆగితే ఆయన గ్యాంగుల హాజరు పుస్తకాలు, టాలీ షీట్లు (ఎక్కించిన సరుకు లెక్క కాగితాలు) అప్పటికి దొరకవు. ఈ వారంలోనే ఆయనకు ఉత్తరం రాసి, లండన్ క్లెయిమ్ ప్రతిని జతచేసి, ఆ మూడు రోజుల టాలీ షీట్లు భద్రపరచి మీకు నకళ్లు ఇమ్మని అడగండి. అవే షీట్లు లండన్‌లో ఏ గంట ఎవరి వల్ల పోయిందో చూపడానికి కూడా మీకు కావాలి.